మగురేలె వెళ్లొచ్చా? అక్కడ కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో నా సమాధానం

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో లేజర్ల మీద పీహెచ్‌డీ అయింది. రొమేనియాలో మగురేలె అనే చిన్న ఊళ్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన ఉద్యోగం) ఆఫర్ వచ్చింది. ప్రపంచంలోని అతి పెద్ద లేజర్లలో ఒకటి అక్కడుందట. ఊరు ఎలా ఉంటుంది, పని ఎలా ఉంటుంది, అణు రియాక్టర్ ఉన్న ఊరని అమ్మ భయపడుతోంది, వెళ్లొచ్చా అని.

వెళ్లండి. అయితే లేజర్ గురించి పత్రికల్లో వచ్చిన వార్తలు మాత్రమే చదివి వెళ్లకండి. ఆ ఊళ్లో ఫిజిక్స్ మొదలై డెబ్బై అయిదేళ్లు దాటింది. లేజర్ వచ్చింది నిన్న మొన్న. ఆ పాత పునాది ఏమిటో తెలిసి వెళ్తే మీరు నేర్చుకునేది రెట్టింపు ఉంటుంది. నేను తెలియకుండా వెళ్లి మొదటి ఏడాదంతా కొత్త భవనంలోనే కూర్చున్నాను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మగురేలె బుకారెస్ట్ నగరానికి నైరుతి దిక్కున, ఇల్ఫోవ్ జిల్లాలో ఉంది. నగరం మధ్య నుంచి పది, పన్నెండు కిలోమీటర్ల దూరం. రొమేనియన్ భాషలో ఆ పేరుకు చిన్న గుట్టలు, దిబ్బలు అని అర్థం, కానీ నేల మాత్రం అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఊరు చుట్టూ మొక్కజొన్న, పొద్దుతిరుగుడు చేలు. 2005 వరకు అది అధికారికంగా పల్లెటూరే, ఆ ఏడాదే పట్టణం హోదా వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో పదకొండు వేల మంది. మన దగ్గర ఒక మండల కేంద్రం అనుకోండి. అంత చిన్న ఊళ్లో అణు భౌతికశాస్త్రానికి ఒకటి, లేజర్లకూ ప్లాస్మాకూ ఒకటి, పదార్థాల భౌతికశాస్త్రానికి ఒకటి, ఆప్టోఎలక్ట్రానిక్స్‌కు ఒకటి, అంతరిక్ష శాస్త్రానికి ఒకటి, భూకంపాలకు ఒకటి, ఇన్ని జాతీయ సంస్థలున్నాయి. బుకారెస్ట్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫిజిక్స్ విభాగం కూడా అక్కడే. వీధుల పేర్లు చూస్తేనే ఊరి సంగతి తెలిసిపోతుంది: అణు శాస్త్రవేత్తల వీధి, రియాక్టర్ వీధి, భౌతిక శాస్త్రవేత్తల వీధి.

నేను మొదటి రోజు బస్సు దిగి, కూరగాయల సంచితో నడుస్తున్న ఒక పెద్దావిడకు ఫోన్లో లేజర్ సెంటర్ ఫొటో చూపించి దారి అడిగాను. ఆవిడ ఫొటో సరిగ్గా చూడను కూడా లేదు. "ఈఫా? అటు," అని చెయ్యి చూపించింది. ఈఫా అంటే అటామిక్ ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు రొమేనియన్‌లో పొట్టి పేరు. ఆ సంస్థను ముక్కలు చేసి, కలిపి, మళ్లీ విడదీసి, ఎన్నోసార్లు పేర్లు మార్చారు. ఊళ్లో పెద్దవాళ్లకు మాత్రం అది ఇప్పటికీ ఈఫానే. సైంటిస్టుల నోట ఎక్కువగా వినిపించే మాట "ప్లాట్‌ఫార్మా". అంటే ఆ సంస్థలన్నీ ఉన్న ఆవరణ మొత్తం.

దీనికంతటికీ మూలం హోరియా హులుబెయ్ అనే భౌతిక శాస్త్రవేత్త. 1896లో పుట్టారు. పారిస్‌లో జాన్ పెరాన్ దగ్గర ఎక్స్-కిరణాల మీద పనిచేశారు. ఆవర్తన పట్టికలో అప్పటికి ఖాళీగా ఉన్న 87వ గడిలోని మూలకాన్ని కనుక్కున్నామని ఆయన, ఇవెట్ కోషువా కలిసి 1930ల్లో ప్రకటించారు, దానికి మోల్దావియం అని పేరు కూడా పెట్టారు. తరువాత 1939లో మార్గరీత్ పెరే కనుక్కున్న ఫ్రాన్సియమే నిలబడింది. అంత పెద్ద ఎదురుదెబ్బ తిన్న మనిషి స్వదేశానికి వచ్చి, 1949లో, యుద్ధం దెబ్బ నుంచి ఇంకా తేరుకోని దేశంలో, రాజధాని బయట ఒక పాత జమీందారీ ఎస్టేటులో ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. నాకు ఆయన మీద గౌరవం మూలకం వల్ల కాదు, ఈ పని వల్ల. ఇప్పటి ప్రధాన సంస్థకు ఆయన పేరే ఉంది.

ఆ తరువాత పదమూడేళ్లలో జరిగినవి చూడండి. 1957లో సోవియట్ డిజైన్‌తో రెండు మెగావాట్ల పరిశోధన రియాక్టర్ నడిచింది. దానితో పాటే కణాలకు వేగం పెంచే సైక్లోట్రాన్. అదే ఏడాది విక్టర్ తోమా అనే ఇంజనీరు బృందం దేశంలో మొదటి కంప్యూటర్ సీఫా-1ను అక్కడే తయారు చేసింది, వాక్యూమ్ ట్యూబులతో. ప్రపంచంలో మొదటి లేజర్ వెలిగింది 1960లో. రెండేళ్లకే, 1962లో, యోన్ అగర్‌బిచాను బృందం మగురేలెలో హీలియం-నియాన్ లేజర్ వెలిగించింది. అంటే "రొమేనియాలో లేజరా?" అని మన వాళ్లు ఆశ్చర్యపోతే, అరవై ఏళ్లకు పైగా ఉంది అని చెప్పండి. పెద్ద లేజర్ పెట్టడానికి ఈ ఊరిని ఎందుకు ఎంచుకున్నారో అర్థం కావాలంటే ఈ చరిత్ర తెలియాలి. ఐరోపా సమాఖ్య డబ్బు మాత్రమే ఉంటే భవనం కట్టొచ్చు. అణు భౌతికం తెలిసినవాళ్లు, లేజర్ తెలిసినవాళ్లు, వాక్యూమ్ పంపులు విప్పి బిగించగలవాళ్లు ఒకే ఆవరణలో దొరికే చోట్లు ఎక్కువ లేవు.

ఇప్పుడు మీరు వెళ్తున్న చోటు సంగతి. ఎలీ అనేది అతి శక్తివంతమైన లేజర్ల కోసం మూడు దేశాల్లో కట్టిన ఐరోపా ప్రాజెక్టు: చెక్ దేశంలో ప్రాగ్ దగ్గర ఒకటి, హంగరీలో సెగెద్‌లో ఒకటి, అణు భౌతికం కోసం మగురేలెలో ఒకటి. దీని వెనకున్న ఆలోచన ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త జెరార్ మూరూది. తీవ్రమైన లేజర్ పల్స్‌లు తయారు చేసే పద్ధతిని 1985లో కనుక్కున్నందుకు ఆయనకూ డోనా స్ట్రిక్‌లాండ్‌కూ 2018లో నోబెల్ వచ్చింది. మగురేలె భవనాన్ని 2016లో ప్రారంభించారు. లేజర్‌ను ఫ్రాన్స్‌కు చెందిన థాలెస్ కట్టింది. అందులో రెండు కిరణ మార్గాలు, ఒక్కోటి 10 పెటావాట్లు. 2019 మార్చిలో మొదటిసారి ఆ స్థాయిని అందుకుంది.

మీకు పద్ధతి తెలుసు, కానీ ఇంట్లో అడుగుతారు కాబట్టి నేను మా ఇంట్లో ఎలా చెప్పానో చెప్తాను. గుడి తలుపు దగ్గరకు వెయ్యి మంది ఒక్కసారిగా తోసుకొస్తే తలుపు విరుగుతుంది. అందుకే వాళ్లను పొడుగాటి క్యూలో నిలబెడతారు. క్యూలో ఒక్కొక్కరికీ తలా ఒక బుట్ట పూలు ఇస్తారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. చివర్లో అందరినీ మళ్లీ ఒక్కచోట చేర్చి, ఆ పూలన్నీ ఒకే క్షణంలో చల్లిస్తారు. లేజర్ పల్స్‌ను కూడా అలాగే ముందు సాగదీసి, సాగిన పల్స్‌కు క్రిస్టల్‌లో శక్తి ఎక్కించి, చివర్లో వాక్యూమ్ గదిలో మళ్లీ కుదిస్తారు. సాగదీయకుండా శక్తి ఎక్కిస్తే క్రిస్టలే పగిలిపోతుంది.

10 పెటావాట్లంటే వెయ్యి కోట్ల మెగావాట్లు. మన దేశంలోని విద్యుత్ కేంద్రాలన్నిటి సామర్థ్యం కలిపితే నాలుగున్నర లక్షల మెగావాట్లు దాటింది. దానికి ఇరవై వేల రెట్లన్నమాట. ఇది విని మా నాన్న "మరి ఊరి కరెంటంతా పోతుందా?" అని అడిగారు. మంచి ప్రశ్న. పోదు. ఒక్కో పల్స్‌లో ఉండే శక్తి 230 జౌళ్ల చిల్లర, అంటే అరవై వాట్ల బల్బు నాలుగు సెకన్లు వెలగడానికి పట్టేంత. దాన్ని ఇరవై మూడు ఫెమ్టోసెకన్లలోకి కుదిస్తారు (సెకనును కోటి కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది చేస్తే ఒక్కోటి ఒక ఫెమ్టోసెకను). ఆ సమయంలో కాంతి కూడా ఏడు మైక్రాన్లే వెళ్తుంది, తల వెంట్రుక మందంలో పదో వంతు. అంత తక్కువ కాలంలో ఇస్తున్నారు కాబట్టే ఆ పెద్ద సంఖ్య. అదీ నిమిషానికి ఒక్క షాట్.

ఈ నిమిషానికి ఒక్క షాట్ అనేదే మీ రోజును నిర్ణయిస్తుంది. మీరు ఇక్కడ యూనివర్సిటీ ల్యాబ్‌లో సెకనుకు వెయ్యి పల్స్‌లు ఇచ్చే లేజర్‌తో పనిచేసి ఉంటారు. అక్కడ సిగ్నల్ కనపడకపోతే నాబ్ కొంచెం తిప్పి చూస్తాం, కనపడుతుంది. ఇక్కడ అలా కుదరదు. ప్రతి షాట్‌కూ టార్గెట్ పోతుంది, అక్షరాలా ఆవిరైపోతుంది. టార్గెట్ అంటే తరచూ మైక్రాన్ కంటే పల్చటి రేకు. దాన్ని ఫ్రేమ్‌కు అంటించడం ఒక పని, ఫ్రేమ్‌ను వాక్యూమ్ ఛాంబర్లో సరైన చోట నిలబెట్టడం ఇంకో పని, అర మీటరు వెడల్పున్న కిరణాన్ని కొన్ని మైక్రాన్ల చుక్కగా దాని మీద పడేలా చేయడం మరో పని. ప్రధాన పల్స్ కంటే ముందే చిన్నపాటి వెలుగు కారితే అసలు పల్స్ వచ్చేసరికి రేకు ఉండదు, పొగ ఉంటుంది. అందుకని ఆ ముందు వెలుగును కొలవడానికి, తగ్గించడానికి వారాలు పడతాయి. షాట్ పడినప్పుడు పుట్టే విద్యుదయస్కాంత తరంగం దెబ్బకు దగ్గర్లోని కెమెరాలు, కంప్యూటర్లు ఆగిపోవడం ఈ రంగంలో మామూలే. కేబుళ్లకు కవచం వేయడం, రాగి రేకు చుట్టడం, ఇవన్నీ పీహెచ్‌డీ పట్టా ఉన్నవాళ్లే స్వయంగా చేస్తారు. పేపర్లో ఒక గ్రాఫ్ మీద పదిహేను చుక్కలు కనిపిస్తే దాని వెనక అయిదారు నెలలున్నాయని అనుకోండి.

శుభ్రత గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అది నాకు గట్టిగా తగిలిన పాఠం. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో, మరో చోట, మగురేలె లేజర్‌తో పోలిస్తే చాలా చిన్న లేజర్ మీద పనిచేసేవాణ్ణి. ఒక సాయంత్రం అద్దం మీద ధూళి కణం ఉన్నట్టు టార్చి వెలుగులో కనిపించింది. ఛాంబర్ తెరిస్తే మళ్లీ గాలి తీయడానికి మూడు గంటలు పడుతుందని, పర్వాలేదులే అని పూర్తి శక్తితో షాట్ వేశాను. ఆ కణం అద్దం మీద మాడి ఆవగింజంత తెల్ల మచ్చ పడింది. అంతటితో అయిపోలేదు. ఆ మచ్చ దాటిన కిరణంలో వలయాలు ఏర్పడ్డాయి, ఆ వలయాల్లో వెలుగు ఎక్కువైన చోట తరువాతి అద్దం కాలింది, దాని తరువాతదీ కాలింది. మూడు అద్దాలు, రెండు నెలలు. మా గైడ్ ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. 10 పెటావాట్ల దగ్గర ఒక్క పెద్ద అద్దం, ఒక్క గ్రేటింగ్ (పల్స్‌ను కుదించే సన్నగీతల పలక) పోతే దాని ఖరీదు, అది మళ్లీ తయారై రావడానికి పట్టే కాలం మీరే ఊహించుకోండి. అందుకే టోపీ, కోటు, కాళ్లకు తొడుగులు, చేతులకు గ్లవ్స్ వేసుకుని లోపలికి వెళ్లడం చాదస్తం కాదు. అద్దాన్ని చూడటానికి పక్క నుంచి టార్చి పట్టుకుని పావుగంట కూర్చునే ఓపిక ఉంటే మీరు అక్కడ రాణిస్తారు.

భవనం కూడా ప్రయోగ పరికరమే. లేజర్, ప్రయోగ గదులు ఉన్న కాంక్రీటు వేదికను మిగతా భవనం నుంచి వేరు చేసి స్ప్రింగులు, డ్యాంపర్ల మీద నిలబెట్టారు. దగ్గర్లో లారీ వెళ్లినా కిరణం కదలకూడదు కదా. చలికాలంలో వేడి, ఎండాకాలంలో చల్లదనం భూమి లోపలి నుంచి తీసుకుంటారు, దానికోసం వెయ్యికి పైగా బోర్లు వేశారు. మైనస్ పదికి పోయే చలి నుంచి ముప్పై అయిదు దాటే ఎండ దాకా మారే ఊళ్లో లోపలి ఉష్ణోగ్రతను డిగ్రీలో చిన్న వంతు కూడా మారకుండా ఉంచడం మామూలు సంగతి కాదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ కేంద్రంలో రెండు పెద్ద యంత్రాలు ఉండాలని మొదటి నుంచీ ప్లాన్. ఒకటి లేజర్, రెండోది గామా కిరణాల యంత్రం. వేగంగా పోతున్న ఎలక్ట్రాన్లను లేజర్ కాంతితో ఢీకొట్టించి, 19.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా, కావలసిన శక్తి దగ్గర సన్నని గామా కిరణాన్ని తీయడం దాని పని. ఏ ఐసోటోప్ ఏ శక్తి దగ్గర స్పందిస్తుందో చూడటానికి అంతకంటే మంచి సాధనం లేదు. దాన్ని కట్టాల్సిన మొదటి బృందంతో వివాదం వచ్చి ఒప్పందం 2018లో రద్దయింది. 2019లో కాలిఫోర్నియాలోని ఒక కంపెనీతో కొత్త ఒప్పందం చేసుకున్నారు. ఏళ్లు పోయాయి. 2021లో ఎలీకి ఐరోపా స్థాయిలో ఉమ్మడి సంస్థ ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో చెక్, హంగరీ, ఇటలీ, లిథువేనియా ఉన్నాయి, రొమేనియా లేదు. ఇంత పని చేసిన ఊరికి అది బాధ కలిగించే విషయమే. నాకూ బాధగానే ఉంది. మీ ఆఫర్ గామా వైపు గ్రూపులో అయితే, యంత్రం ఇప్పుడు ఏ దశలో ఉంది, మీ కాంట్రాక్టు కాలంలో కిరణం చేతికి వస్తుందా అని మీ బాస్‌ను సూటిగా అడగండి. అడగడం మర్యాద తక్కువ కాదు, అక్కడ ఎవరూ అలా అనుకోరు.

ఇక అమ్మగారి భయం. మగురేలె రియాక్టర్ పరిశోధన కోసం కట్టిన చిన్న రియాక్టర్, కరెంటు తీసేది కాదు. రొమేనియాలో కరెంటు తీసే అణు కేంద్రం చెర్నవోడలో ఉంది, దాన్యూబ్ ఒడ్డున, మగురేలెకు చాలా దూరంగా. పేరు వినగానే చాలామంది చెర్నోబిల్ అనుకుంటారు, అది వేరే దేశం, వేరే రకం రియాక్టర్. మగురేలె రియాక్టర్ నలభై ఏళ్లు నడిచి 1997 డిసెంబరులో శాశ్వతంగా ఆగింది. అందులో వాడేసిన అధిక శుద్ధి యురేనియం ఇంధనాన్ని 2009లో విమానంలో రష్యాకు తిరిగి పంపారు, మిగిలిన తక్కువ శుద్ధి ఇంధనం 2012లో వెళ్లింది. ఇంధనం పోయాక యంత్రాన్ని విప్పే పని ఏళ్ల తరబడి సాగింది.

లేజర్ సంగతి వేరు. షాట్ పడిన క్షణంలో ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, గామా కిరణాలు పుడతాయి, నిజమే. స్విచ్ తీస్తే అవి ఆగిపోతాయి, రియాక్టర్ ఇంధనంలా మిగిలి ఉండేదేమీ లేదు. టార్గెట్ చుట్టుపక్కల లోహాల్లో కాస్త రేడియోధార్మికత వస్తే అది తగ్గేదాకా కొలిచి చూశాకే లోపలికి వదులుతారు. ప్రయోగ గదుల గోడలు మందపాటి కాంక్రీటు, తలుపులే టన్నుల బరువు. ఇలాంటి ల్యాబుల్లో తలుపు మూసే ముందు ఒక మనిషి గదంతా తిరిగి, మూలమూలనా ఉన్న బటన్లు నొక్కి, ఎవరూ లేరని చూసుకున్నాకే వ్యవస్థ షాట్‌కు ఒప్పుకుంటుంది. మీ చొక్కాకు, రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే డోసు బ్యాడ్జి ఉంటుంది. దాని రీడింగ్ ప్రతిసారీ అమ్మకు ఫోన్లో చెప్పండి, కొన్నాళ్లకు ఆవిడే అడగడం మానేస్తారు. మా అమ్మ అలాగే మానేసింది.

నిజంగా ఆలోచించాల్సిన ప్రమాదం ఇంకొకటుంది, దాని గురించి మన వాళ్లు ఎవరూ అడగరు. భూకంపం. బుకారెస్ట్‌కు ఈశాన్యంగా వ్రాన్చా అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ భూమి లోపల, సుమారు అరవై నుంచి నూట ఎనభై కిలోమీటర్ల లోతులో పెద్ద భూకంపాలు పుడతాయి. 1977 మార్చి 4 రాత్రి వచ్చిన భూకంపంలో దాదాపు పదిహేను వందల డెబ్బై మంది చనిపోయారు, అందులో ఎక్కువ మంది బుకారెస్ట్ వాళ్లే. దేశంలో భూకంపాలను గమనించే సంస్థ మగురేలెలోనే ఉంది. వ్రాన్చాలో కుదుపు మొదలవగానే అక్కడి సెన్సర్లు పసిగట్టి పంపే సిగ్నల్, నాశనం చేసే అలల కంటే పాతిక, ముప్పై సెకన్లు ముందు బుకారెస్ట్ ప్రాంతానికి చేరుతుంది. పాతిక సెకన్లలో మనిషి ఏం చేయగలడు అనుకోకండి. ఆ ఆవరణలోనే కోబాల్ట్-60తో పనిచేసే ఒక గామా కేంద్రం ఉంది. అక్కడ వైద్య పరికరాలను క్రిమిరహితం చేస్తారు, పురుగు పట్టిన పాత చర్చి చెక్క బొమ్మలను, బూజు పట్టిన పాత పుస్తకాలను కాపాడతారు. భూకంప సంకేతం రాగానే రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్‌ను తనంతట తానే సురక్షిత స్థానంలోకి దింపేలా దాన్ని ఆ హెచ్చరిక వ్యవస్థకు కలిపారు. పక్కపక్క భవనాల్లో ఉన్న రెండు సంస్థల పని ఇలా కలిసింది. నాకు ఆ ప్లాట్‌ఫార్మాలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

మీకు పనికొచ్చే మాట: బుకారెస్ట్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆ భవనం భూకంప ప్రమాద జాబితాలో ఉందేమో చూసుకోండి. ప్రమాదం ఎక్కువున్న వాటిని అక్కడి వాళ్లు "ఎర్ర చుక్క" భవనాలంటారు, చాలా వాటి గోడ మీద నిజంగానే గుండ్రటి ఎర్ర గుర్తు ఉంటుంది. నగరం నడిబొడ్డున, ఎత్తు పైకప్పులతో, అందంగా, అద్దె తక్కువగా కనిపించే పాత అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఈ రకం. అద్దె తక్కువని ఆశపడొద్దు.

ఎక్కడ ఉండాలి అంటే, పెళ్లికాకపోతే బుకారెస్ట్ దక్షిణ, పడమర పేటల్లో ఉండి రోజూ బస్సులో రండి. మెట్రో మగురేలె దాకా లేదు. సాయంత్రం రింగు రోడ్డు మీద ట్రాఫిక్ మన ఎల్బీ నగర్‌ను గుర్తుచేస్తుంది. కుటుంబంతో వెళ్తే మగురేలెలోనే ఇల్లు చూసుకోండి, పిల్లలకు చెట్లు, ఖాళీ స్థలం ఉంటాయి, మీరు నడిచి ఆఫీసుకు వెళ్లొచ్చు. ఆరు దాటాక ఊరు సద్దుమణుగుతుంది, అది మాత్రం అలవాటు కావాలి. విమానాశ్రయం నగరానికి ఉత్తరాన ఉంది, మీరుండేది దక్షిణాన, కాబట్టి ఫ్లైటుకు రెండు గంటలు అదనంగా పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైటు ఉండదు, గల్ఫ్ లేదా ఇస్తాంబుల్ మీదుగా మారాలి. బుకారెస్ట్ పేరు మన ఇళ్లలో ఎక్కువగా వినపడింది 2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్‌లో చదువుతున్న మన పిల్లలు సరిహద్దు దాటి అక్కడికి చేరి ఇండియా విమానాలెక్కినప్పుడు. ఆ చలిలో దుప్పట్లు, వేడి టీ పట్టుకుని నిలబడ్డ రొమేనియన్లను మన వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. మనుషులు అలాంటివాళ్లే. మొదట ముభావంగా ఉంటారు, ఒకసారి ఇంటికి పిలిచారంటే కడుపు పగిలేలా పెడతారు.

తిండికి భయపడకండి. మమలీగ అని వాళ్ల రోజువారీ వంట, మొక్కజొన్న పిండితో చేసిన సంకటే. కాల్చిన వంకాయ, ఎర్ర క్యాప్సికమ్ కలిపి చేసే జకుస్క అనే పచ్చడి సీసాల్లో దొరుకుతుంది, కాస్త కారం, వెల్లుల్లి వేసుకుంటే మన రోటి పచ్చడికి దగ్గరగా ఉంటుంది. శాకాహారి అయితే "వెజిటేరియన్" అని అడిగే కంటే "దె పోస్ట్" అని అడగండి. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం, గుడ్లు, పాలు ఏవీ తినరు, ఆ వంటలకు ఆ పేరు. క్యాంటీన్లో వంటమ్మకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది, పైగా నువ్వు కూడా ఉపవాసమా నాయనా అన్నట్టు ఆప్యాయంగా చూస్తుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. డిగ్రీలన్నిటికీ విదేశాంగ శాఖ అపోస్టీల్ (పత్రాలు విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ) ఇప్పుడే మొదలుపెట్టండి, ఎక్కువ రోజులు పట్టేది అదే. దీర్ఘకాల వీసా తొంభై రోజులకే ఇస్తారు, అది అయిపోయేలోపు అక్కడ నివాస కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. 2025 జనవరి నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీలు లేని ఐరోపా దేశాల కూటమి) ఉంది కాబట్టి కార్డు చేతికొచ్చాక కాన్ఫరెన్సులకు వేరే వీసా టెన్షన్ లేదు.

ఇందాక మొదటి ఏడాదంతా కొత్త భవనంలోనే కూర్చున్నానన్నాను కదా. రెండో ఏడాది ఒక వాక్యూమ్ సమస్య మా అందరినీ మూడు వారాలు తిప్పలు పెట్టింది. కంప్యూటర్లో అన్ని రీడింగులూ బాగానే ఉన్నాయి, ఒత్తిడి మాత్రం దిగడం లేదు. ఎవరో పక్కనున్న పాత యాక్సిలరేటర్ విభాగం నుంచి ఒక టెక్నీషియన్‌ను తీసుకొచ్చారు. అక్కడ కణాలకు వేగం పెంచే తొమ్మిది మిలియన్ వోల్టుల టాండెమ్ యాక్సిలరేటర్ 1970ల నుంచి నడుస్తోంది, ఆయన దాని పక్కనే పెరిగినట్టు పెరిగిన మనిషి, రిటైర్‌మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు. రీడింగులేవీ చూడలేదు. పంపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. తరువాత రెండో పంపు, మూడోది. మూడో దాని దగ్గర "బేరింగ్," అన్నారు. విప్పి చూస్తే అదే. ఆ రోజు నుంచి నేను వారానికి ఒక మధ్యాహ్నం ఆ పాత విభాగానికి వెళ్లి కూర్చునేవాణ్ణి. వచ్చీరాని రొమేనియన్‌తో ఆయన చెప్పింది రాసుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, ఈనాటికీ తెరుస్తుంటాను. 1990ల్లో జీతాలు లేక ఎంతోమంది సైంటిస్టులు దేశం విడిచి వెళ్లిపోయినప్పుడు, ఆ యంత్రాలను చెడిపోకుండా కాపాడింది ఇలాంటివాళ్లే. వాళ్లలో చాలామంది ఇప్పుడు రిటైరవుతున్నారు. మీరు వెళ్లగానే ముందు వాళ్లను వెతుక్కోండి. ల్యాబ్‌లో పని ఇంగ్లీషులోనే జరుగుతుంది, రొమేనియన్ రాకపోయినా ఉద్యోగానికి ఇబ్బంది లేదు. వీళ్ల దగ్గర నేర్చుకోవడానికి మాత్రం రొమేనియన్ కావాలి. ఇటాలియన్, ఫ్రెంచి జాతి భాషే, ఆరు నెలలు కూర్చుంటే మాట్లాడేంత వస్తుంది.

ఆఫర్ లెటర్‌లో మూడు చోట్ల చూడండి: కాంట్రాక్టు ఎన్నాళ్లు, అది ఏ ప్రాజెక్టు నిధుల నుంచి, ఆ ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుంది. ప్రాజెక్టు ముగిసే తేదీ మీ కాంట్రాక్టు తేదీకి ముందే ఉంటే సంతకం చేసేలోపే రాతపూర్వకంగా అడగండి. 10 పెటావాట్ల గదిలో మీకు షాట్లు వస్తాయా, లేక సెకనుకు ఒకటి పడే 1 పెటావాట్ గదిలోనా అనేది కూడా కనుక్కోండి. పోస్ట్‌డాక్‌కు రెండోదే మేలు అని నా అభిప్రాయం, చేతికి డేటా ఎక్కువ వస్తుంది. ఆ వివరాలు తెలిశాక ఇక్కడే రాయండి, గ్రూపును బట్టి ఇంకా చెప్పగలిగింది ఉంటే చెప్తాను.